జీడిపండు బూటాకి ఆరు టోకెన్లు

అర్ఫా మాట తక్కువ మనిషి. మా షాపుకొచ్చే ఆడవాళ్ళు జాకెట్టు మెడ గురించి గంటసేపు చెప్పినా, అంతా విని "చేద్దామండి" అని ఒక్క మాట అంటుంది. నా సంగతి వేరు. నాకు నోరు ముందు లేస్తుంది, బుద్ధి తీరుబడిగా వెనకాల వస్తుంది. "నీ నోటికి మూత కొందామంటే ఏ సైజో తెలట్లేదే సత్యా" అంటారు మా ఆయన సన్యాసిరావు. ఆయనది బెల్లం వ్యాపారం, మూతల సంగతి ఆయనకేం తెలుసు. అర్ఫా గురించి చెప్పాలని కూర్చుని నా గురించి చెప్పుకుంటున్నానేమిటని మీరనుకోవచ్చు. కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

మాది స్టేషన్ రోడ్డులో మగ్గం వర్కు షాపు. జాకెట్ల మీద జరీతో, పూసలతో పువ్వులూ తీగలూ కుట్టే పని. ఇరవయ్యేళ్ళ కిందట ఒక చెక్క మగ్గం, దాని ముందు అయూబ్ భాయ్, అంతే మా షాపు. ఇప్పుడు కంప్యూటర్ మిషన్లు నాలుగున్నాయి. రెండు ఇక్కడ, ఒకటి సబ్బవరం బ్రాంచిలో, ఒకటి రోలుగుంటలో మా పని చేసిపెట్టే ఒకావిడ ఇంట్లో. ఇక్కడి రెండు మిషన్లనూ నడిపేది చిన్నమ్మలు. ఎనిమిదేళ్ళుగా నా దగ్గరే ఉంది.

అయూబ్ భాయ్ అర్ఫా తండ్రి. మగ్గం మీద కుట్టేవాళ్ళు డిజైన్ని ముందు పల్చటి కాగితం మీద గీసి, గీత పొడుగునా సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్ట మీద పరిచి కిరసనాయిలులో కలిపిన తెల్లపొడి రుద్దితే, చిల్లుల్లోంచి దిగి బొమ్మ పడుతుంది. ఆ చిల్లుల కాగితాన్ని ఖాకా అంటారు. నలభయ్యేళ్ళలో ఆయన పొడిచిన ఖాకాలు ఒక రేకు పెట్టె నిండా ఉన్నాయి. ఊళ్ళో అందరూ మామిడిపిందెలు కుడితే ఈయన బూటాగా జీడిపండు బొమ్మ కుట్టేవాడు. పండు కింద పిక్క వేలాడుతూ, కొంచెం ఎడమకి వాలి ఉంటుంది. మా షాపుకి పేరొచ్చింది నా మాటల వల్ల కాదు, ఆ జీడిపండు వల్ల. ఈ సంగతి నేనెవరితోనూ అనను.

అర్ఫా ఇక్కడే డిగ్రీలో కంప్యూటర్లు చదివి, విశాఖపట్నంలో ఒక కంపెనీలో రెండేళ్ళు చేసింది. ఏ ప్రోగ్రాం ఏ ఫైలు ముట్టుకోవచ్చు, ఏది ముట్టుకోకూడదు అని చూసే పని. సుగర్ వల్ల తండ్రి కళ్ళు మసకబారి, మగ్గం మీద దారం కనిపించడం మానేశాక ఉద్యోగం వదిలి వచ్చేసింది. నా షాపులో చేరి మూడో రోజున, "ఆంటీ, అబ్బాజాన్ ఖాకాలన్నీ స్కాన్ చేసి మిషన్ ఫైళ్ళు చేత్తాను. నాలుగు మిషన్లూ ఒకే ఫోల్డర్లోంచి తీసుకుంటాయి" అంది. నాకు బుర్రలో లైటు వెలిగింది. ఈ ఊళ్ళో కంప్యూటర్ మిషన్లు చాలామందికి ఉన్నాయి. అయూబ్ ఖాకాలు ఎవరికున్నాయి?

ఆయన మాత్రం నెల్లాళ్ళు ఒప్పుకోలేదు. దానికో కారణముంది. ఎప్పుడో కుర్రతనంలో, తోటి పనివాడు అడిగాడని ఒక ఖాకా అరువిచ్చాడు. అది తిరిగి రాలేదు. రెండేళ్ళ తరవాత విశాఖపట్నంలో ఓ పెద్ద షాపులో తన డిజైనే అద్దాల బీరువాలో కనిపించింది. దగ్గరికెళ్ళి చూడబోతే అక్కడి గుమాస్తా, "చేతులెట్టకు, మాసిపోద్ది" అన్నాడట. ఇది ఆయన నాతో ఒక్కసారే చెప్పాడు.

చివరికి కూతురి కోసం పెట్టె తెరిచాడు. తెరిచిన రోజున నన్నూ కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, మన మిషన్లు కుట్టుకోనీండి. ఒక్కటి బయటికెళ్ళిందంటే మాత్రం అన్నీ వెనక్కిచ్చీండి. పెట్టె మూసేత్తాను. మా అమ్మాయినీ తీసుకెళ్ళిపోతాను."

అర్ఫా తల వంచుకుని వింది. ఆ పిల్లకి ఈ ఊళ్ళో చదువుకున్న చదువుకి తగిన పని ఇదొక్కటే. తండ్రి తన ఒక్క షరతు మీద దాన్ని నిలబెట్టాడు. మూడు వందల పన్నెండు ఖాకాలు ఒక్కొక్కటే కిటికీ వెలుగులో పరిచి, చినుగుల్ని అతికించి ఎక్కించింది. ఆరు నెలలు పట్టింది.

తరవాత టోకెన్ల పని మొదలైంది.

"మిషన్లు తిన్నగా ఫోల్డర్లోకి వెళ్ళవాంటీ. మధ్యలో ఏపీఐ ఉంటాది" అంది.

"ఏటది, కొత్త స్కీమా? మీసేవలో అప్లై సెయ్యాలా?" అన్నాను. ఏపీ అన్న రెండక్షరాలు వినపడితే మనకి ఇంకేం తోస్తుంది?

నవ్వాపుకుని చెప్పింది. "గుమ్మం దగ్గర కూర్చున్న మనిషనుకోండి. ఎవరొచ్చినా టోకెన్ చూపించమంటాడు. టోకెన్ని బట్టి ఎంతవరకు రానివ్వాలో చూస్తాడు. మనిషి మొహం చూడడు."

టోకెనంటే నలభై అక్షరాలూ అంకెలూ కలగలిపిన ఒక పొడుగాటి వరస. ఎవరిది వాళ్ళకే. ఇక్కడి రెండు మిషన్లకీ చెరొకటి, సబ్బవరం మిషన్‌కి ఒకటి: ఇవి ఫైళ్ళు చదువుకోగలవు గానీ మార్చలేవు. రోలుగుంట మిషన్‌కి ఇచ్చిన దానితో ఆ వారం కుట్టాల్సిన ఫైళ్ళే కనిపిస్తాయి. చిన్నమ్మలు టోకెన్‌తో కొత్త ఫైలు పెట్టొచ్చు, తీసెయ్యడానికి లేదు. ఆరోది నాది. నా ఫోన్లో ఒక పేజీ పెట్టి, అందులో టోకెన్ అతికిస్తే డిజైన్లు చూసేలా చేసింది.

"మీకు చూడ్డానికి చాలు కదాంటీ. నెలకోసారి మార్చుకుందాం" అంది.

నాకు ఒళ్ళు మండింది. "షాపు నాది. మిషన్లు నావి. నాకు సగం టోకెనేటే? అన్నీ ఉన్నది ఇచ్చీ. నెల నెలా మార్చుకోడానికి అదేటి, గేస్ బండా?"

అర్ఫా అన్నీ ఉన్నదే ఇచ్చింది, గడువు లేకుండా. ఇస్తూ, "ఇది ఎవరికీ పంపకండాంటీ. నాక్కూడా" అంది. సరేనన్నాను. నిజంగానే సరే అనుకున్నాను.

ఇప్పుడు మీకు మా ఊరి టోకెన్ గురించి చెప్పాలి. మా కళ్ళ డాక్టరు దగ్గర పొద్దున్నే వెళ్ళినవాళ్ళకి టోకెన్లిస్తారు. నేనెప్పుడు వెళ్ళినా రెండు తీసుకుంటాను. ఒకటి నాకు, రెండోది వెనకాల ఎవరైనా ముసలమ్మ వస్తే ఇవ్వడానికి. నా పని వాయిదా పడితే నాదీ ఇచ్చేస్తాను. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే వంతు వాళ్ళది. పేరడగరు, ఊరడగరు. వాడని టోకెన్ పర్సులో పెట్టుకుని ఇంటికి పోయేదాన్ని మా వీధిలో పిసినారి అంటారు. యాభయ్యేళ్ళు ఇలా బతికిన మనిషికి, నలభై అక్షరాల టోకెన్ వేరే జాతిదని ఎలా ఎక్కుతుంది?

శ్రావణమాసం ముందర, మా తమ్ముడి కూతురు పింకీ సబ్బవరం నుంచి ఫోన్ చేసింది. "అత్తా, స్నేహితురాలి పెళ్ళికి జాకెట్టు కుట్టించుకోవాల. నీ దగ్గర డిజైన్లు ఒక్కసారి సూపించవా?"

ఆ వారం నేను మా ఆడపడుచు ఇంట్లో పనుండి విజయనగరం వెళ్ళి ఉన్నాను. షాపు పని లేదు, ఫోన్లో డిజైన్లు చూసే తీరికా లేదు. నా వంతు ఖాళీగానే ఉంది కదా అనిపించింది. "నా టోకెనుంది, వాడుకోవే" అని పేజీ లింకూ, ఆ నలభై అక్షరాలూ వాట్సాప్‌లో పంపించాను. మరుక్షణం మరిచిపోయాను.

పది రోజుల తరవాత ఒక శుక్రవారం పొద్దున్న చిన్నమ్మలు తన ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. సబ్బవరంలో ఒక బొటిక్ వాళ్ళు పెట్టిన ఫోటో. ఆకుపచ్చ జాకెట్టు, చేతుల మీద జీడిపండ్లు, పండు కింద పిక్క.

"సూడండమ్మా, ఇది మన భాయ్‌ది కాదేటి?" అంది పాపం.

ఆ పిల్ల తెచ్చి చూపించినందుకు మెచ్చుకోవాల్సింది. నేనేం చేశానో చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. షాపులో నలుగురు కస్టమర్లున్నారు. వాళ్ళ ముందే లేచాను. "నీ దగ్గరే కదే టోకెనుంది! ఎవరికమ్మేవు? ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన సెయ్యి కొరుకుతావా?"

చిన్నమ్మలు మొహం పాలిపోయింది. "నానేటి సేసేనమ్మా? నాను దొంగనైతే మీకెందుకు సూపిత్తాను?" అంది. ఆ మాట ఎంత న్యాయమో నాకు అప్పుడు వినపడలేదు. ఇంకా రెండు మాటలన్నాను. అవి ఇక్కడ రాయను. మిషన్ ఆపేసి, గోడకి తిరిగి నిలబడి ఏడ్చింది.

అర్ఫా తన సీట్లోంచి లేవకుండానే, "ఆగండాంటీ. ఎవరు తీసుకెళ్ళేరో రాసుంటాది" అంది.

గుమ్మం దగ్గరి మనిషి మొహం చూడడు గానీ, ఏ టోకెన్ ఎప్పుడొచ్చింది, ఏం పట్టుకెళ్ళింది అన్నీ రాసుకుంటాడట. లాగ్ అంటారు. అర్ఫా దాన్ని తెరిచి పైనుంచి కిందికి జరిపింది. ఒకచోట ఆగింది. స్క్రీన్ని నావైపు తిప్పింది, కస్టమర్లకి కనపడకుండా.

కిందటి మంగళవారం. పదకొండూ ఇరవై నుంచి పదకొండూ నలభై ఏడు వరకు. మూడు వందల పన్నెండు ఫైళ్ళు. టోకెన్ పేరు: సత్యలక్ష్మి ఆంటీ.

నా పేరు పక్కన ఆంటీ అని గౌరవంగా రాసుంది. అది చూస్తే ఇంకా కుంచించుకుపోయాను.

"ఒక్కటి కాదు, అన్నీ వెళ్ళిపోయాయి" అంది అర్ఫా నాకు మాత్రం వినపడేలా. "ఎవరికిచ్చేరు?"

పింకీకి ఫోన్ చేశాను. ఆ పిల్లకి తప్పేమిటో కూడా తెలీదు. "బొటిక్‌లో జాకెట్టు కుట్టే అక్క అడిగింది, ఇచ్చేను. నేను సూడ్డం అయిపోయింది కదత్తా, టోకెను ఖాళీగానే ఉంది కదా" అంది. అచ్చం నా మేనకోడలే. బొటిక్‌లో కంప్యూటర్ తెలిసినవాడు ఎవడో పేజీని చూసి, ఆ టోకెన్‌తో మొత్తం తోడేసుకున్నాడు. సాయంత్రం మా ఆయన వెళ్ళి అడిగితే, అన్నీ తీసేశామని దణ్ణం పెట్టారట. తీసేశారో లేదో ఎవరు చూశారు? "వెళ్ళినవి వెళ్ళినట్టే" అంది అర్ఫా.

కానీ ఇది సాయంత్రం సంగతి. పొద్దున్న ఆ స్క్రీన్ ముందు అర్ఫా నాతో ఒకటే చెప్పింది. "మీ టోకెన్ పీకేత్తన్నానాంటీ. దానికి అన్ని అధికారాలూ ఉన్నాయి కాబట్టి, దాంతో ఇంకేం తెరిచేరో తెలీదు. అన్నీ పీకి కొత్తవి ఇత్తాను. మిషన్లు మధ్యాహ్నం దాకా ఆగుతాయి."

నా షాపులో, నా జీతం తీసుకునే పిల్ల, నా టోకెన్ పీకేసింది. తలూపాను. నాలుగు మిషన్లూ ఆగిపోయాయి. ఇక్కడి రెండోదాని చప్పుడు కూడా ఆగాక చిన్నమ్మలు వెక్కిళ్ళు బాగా వినిపించాయి. కస్టమర్లు ఇంకా అక్కడే ఉన్నారు, తమాషా వదిలి ఎవరు పోతారు? వాళ్ళు వినేలాగే అన్నాను. "చిన్నమ్మలూ, అమ్మింది నువ్వు కాదు. ఇచ్చింది నేను. నా నోట్లో మన్నుపడ." చిన్నమ్మలు ఇటు తిరగలేదు. మళ్ళీ నాతో మాట్లాడ్డానికి దానికి నాలుగు రోజులు పట్టింది. నాలుగు రోజులంటే తక్కువే.

ఒంటి గంటకి అయూబ్ భాయ్ కూతురికి క్యారియర్ తెస్తాడు. గోడ గడియారం పన్నెండున్నర దాటింది. నేను అర్ఫా పక్కకి కుర్చీ లాక్కుని బతిమాలాను. "ఆయనకి సెప్పకే. స్మార్ట్ ఫోను కూడా లేదు కదా. ఎలా తెలుత్తాది? పెట్టె మూసేత్తే మనిద్దరం రోడ్డు మీద పడతాం."

అర్ఫా టైపు చేస్తూనే అంది. "ఆయనకి తెలీదాంటీ. కళ్ళు కనపడవు, అడగరు కూడా. అందుకే సెప్పాలి."

అలా అన్న పిల్ల ఒకే అక్షరాన్ని మూడుసార్లు తప్పు కొట్టి చెరపడం చూశాను. అంత భయమూ పెట్టుకుని చెబుతానంటోంది. ఆ క్షణంలో నాకు దాని మీద కోపం, గౌరవం రెండూ వచ్చాయి, కోపమే ఎక్కువ.

ఒంటి గంటకి ఆయనొచ్చాడు. మిషన్లు ఆగి ఉన్నాయేమిటని చూసి కూర్చున్నాడు. అర్ఫా మొత్తం చెప్పింది, ఒక్క పేరు తప్ప. ఆ పేరు నేను చెప్పాను. "నేనే ఇచ్చేను భాయ్. డాక్టరు దగ్గర టోకెన్లాంటిదే అనుకున్నాను."

ఆయన చిన్నమ్మలు ఫోన్ అడిగి తీసుకున్నాడు. ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని ఫోటో చూశాడు. "నాదే" అన్నాడు. "ఫైలు పడలేదు ఆ మిషనుకి. దారం బిగిసిపోయింది. పిక్క ముడుసుకుపోయింది సూడు."

ఆయన పెట్టె మాట ఎప్పుడెత్తుతాడా అని చూస్తున్నాను. ఆయన కూతురి వైపు తిరిగి, "ఇప్పుడేటి సేత్తన్నావు?" అని అడిగాడు.

"కొత్త టోకెన్లు ఇత్తన్నాను అబ్బాజాన్."

"ఎవరెవరికి?"

అర్ఫా చదివింది. ఇక్కడి మిషను ఒకటి. ఇక్కడి మిషను రెండు. సబ్బవరం మిషను. రోలుగుంట మిషను. చిన్నమ్మలక్క. సత్యలక్ష్మి ఆంటీ, చూడ్డానికి మాత్రమే. ఒక్కొక్కదానికి ఎంతవరకు అధికారమో కూడా చెప్పింది.

ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. ఆరు దగ్గర ఆగి, ఇంకా ఉన్నాయేమోనని కాసేపు చూశాడు.

"మిషన్లకి కూడా ఇచ్చేవు" అన్నాడు. "మరి నాకేదమ్మా?"

కోపంగా అనలేదు. పెళ్ళి బంతిలో తన విస్తరి వెయ్యడం మరిచిపోతే, ఉందేమో చూడండి అన్నట్టు అన్నాడు. ఎవరేం చూడాలి, ఎవరేం ముట్టుకోకూడదు, రోలుగుంట మిషన్ ఏ వారం ఏ ఫైలు చదవాలి అని లెక్కలు కట్టిన పిల్ల, గీసిన మనిషికి గుమ్మంలోకి దారి పెట్టలేదు. పెట్టాలని నాకూ తోచలేదు, కానీ నాకు ఏదీ తోచదు. దానికి తోచకపోవడమే దాన్ని కుంగదీసింది. స్క్రీన్ ముందు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడవగా నేను చూడ్డం అదే మొదలు.

"నాకు కనపడదని ఇవ్వలేదేటి?" అన్నాడాయన, ఓదార్చడానికి ఇంకేం మాట దొరక్క.

"మర్చిపోయాను" అంది. అబద్ధం ఆడదు కదా.

ఏడో టోకెన్ చేసింది. పేరు అయూబ్ అని కొట్టింది. అధికారాల దగ్గర కొంచెం ఆగి, చూడ్డం, పెట్టడం, మార్చడం, తీసెయ్యడం అన్నీ నొక్కింది. ఎవరికి ఇవ్వాలో, ఎవరిది పీకాలో చెప్పే అధికారం కూడా. నా టోకెన్ పీకేశాక అది అర్ఫాకి మాత్రమే మిగిలింది.

"అంటే ఇప్పుడు నేను మూసెయ్యాలంటే పెట్టె కూడా అక్కర్లేదన్నమాట" అన్నాడు.

"అక్కర్లేదు. ఈ బటన్ నొక్కితే అన్నీ పోతాయి."

"షాపు నాది" అన్న మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగాను. జీవితంలో మొదటిసారేమో.

స్క్రీన్ మీద బొమ్మల్ని అరచేతులంత పెద్దవి చేసి చూపించింది అర్ఫా. కాగితం మీద కనపడని చిల్లులు అంత పెద్దవి చేస్తే ఆయనకి కనిపించాయి. ఒక్కొక్కటే చూస్తూ వెళ్ళాడు. అన్నం తినలేదు. మధ్యలో ఒకచోట ఆగి, "ఇది మీ అమ్మ జాకెట్టుకి పొడిసేను" అన్నాడు. జీడిపండు వచ్చింది. ఆయన వేలు చాలాసేపు మౌస్ మీదే ఉంది.

"పిల్ల ఎళ్ళిపోయిందని ఇంట్లోంచి కూడా పేరు కొట్టేత్తామేటి" అని పక్కకి జరిపాడు.

పెట్టె మూయలేదు. నాలుగు గంటలకి మిషన్లు మళ్ళీ ఆడాయి.

ఇది జరిగి ఏడాదవుతోంది. అర్ఫా ఇప్పుడు ఇంకో రెండు షాపులకి కూడా ఈ పని చేసిపెడుతోంది. ఎవరి దగ్గరికెళ్ళినా ముందు, గీసినవాళ్ళెవరు, వాళ్ళకి టోకెన్ ఉందా అని అడుగుతుందట. అయూబ్ భాయ్ రోజూ పదింటికి వచ్చి స్క్రీన్ ముందు కూర్చుంటాడు. నా టోకెన్‌కి ఇప్పుడు ఏడు రోజులే గడువు. ప్రతి సోమవారం అది చచ్చిపోతుంది. మొదటి సోమవారం అర్ఫాని అడిగితే, "డిజైన్లు అబ్బాజాన్‌వి, ఆయన్ని అడగండాంటీ" అంది.

అడిగాను. ఇరవయ్యేళ్ళు నా మగ్గం ముందు తల వంచుకు కూర్చున్న మనిషి ముందు నేను నిలబడి, "భాయ్, నా టోకెను" అంటాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, వరసలో నా పేరు వెతుక్కుని, నొక్కుతాడు. ఎందుకమ్మా, ఎవరికోసం అని ఇన్ని సోమవారాల్లో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బావుండునని ఉంటుంది నాకు.